పోర్ట్ బ్లెయిర్‌ను దాటేసి వెళ్లిపోకండి: దక్షిణ అండమాన్‌ను ఐదు రోజుల్లో తీరిగ్గా చూసే పద్ధతి

అండమాన్ ప్యాకేజీల్లో ఏది తీసి చూసినా ఒకటే వరస. మొదటి రోజు మధ్యాహ్నం సెల్యులార్ జైలు, మర్నాడు పొద్దున్నే హేవ్‌లాక్ దీవికి బోటు, అక్కణ్ణుంచి నీల్ దీవి, చివర్లో మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చి ఫ్లైట్. ఊరు ఉన్న దక్షిణ అండమాన్ దీవిని మాత్రం రాత్రి పడుకోవడానికి తప్ప ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హేవ్‌లాక్ బీచ్‌లు బాగుంటాయి, కాదనను. కానీ చరిత్ర, మ్యూజియాలు, అడవి, పగడపు దిబ్బలు, కొండ మీద నుంచి కనిపించే సముద్రం, ఇవన్నీ ఒక్కచోటే కావాలనుకునేవాళ్లకి ఈ ఒక్క దీవి చాలు. కాకపోతే ఇక్కడ ప్లాన్ వేసుకునే తీరు వేరు. ఏం చూడాలన్న జాబితా పట్టుకుని తిరిగితే సగం తలుపులు మూసే కనిపిస్తాయి. సూర్యుడు, బోట్లు, సెలవు రోజులు, ఈ మూడింటినీ బట్టి రోజుల్ని సర్దుకోవాలి. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు పేర్లు సరిచూసుకోండి

గత కొన్నేళ్లలో ఇక్కడ చాలా పేర్లు మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం. రాస్ దీవి 2018 డిసెంబర్‌లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, అప్పుడే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. మౌంట్ హ్యారియట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. టికెట్ల మీద, బోర్డుల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ల నోట పాత పేర్లు. రెండూ తెలిసుంటే కంగారు ఉండదు. నేను ఇక్కడ జనం వాడే పాత పేర్లే రాస్తున్నాను.

అడుగు 1: ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

నవంబర్ చివర నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మే నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు, అంటే ఏడాదిలో సగానికి పైగా వానే. వానలో అడవి అందంగానే ఉంటుంది కానీ బోట్లు ఆగిపోతాయి, సముద్రం అడుగు కనిపించదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో రద్దీ, రేట్లు రెండూ ఎక్కువే. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి బెస్ట్. నీళ్లు తేటగా ఉంటాయి, జనం కాస్త పలచబడతారు.

విమానమైతే చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. హైదరాబాద్, కోల్‌కతా, బెంగళూరు నుంచి కూడా వెళ్లొచ్చు, సీజన్‌ని బట్టి సర్వీసులు మారుతుంటాయి. వీర్ సావర్కర్ విమానాశ్రయం దాదాపు ఊళ్లోనే ఉంది, దిగితే ఊరి నడిబొడ్డున ఉన్న అబర్దీన్ బజార్‌కి పావుగంట. ఓడలో వెళ్లాలనే సరదా ఉంటే చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రభుత్వ ఓడలు నడుస్తాయి, విశాఖ నుంచి కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. రెండు రోజుల పైనే పడుతుంది ప్రయాణం. సమయం పుష్కలంగా ఉండి, సముద్రపు ఊగిసలాటకి కడుపు తట్టుకుంటుందనుకుంటేనే ఆ ఆలోచన పెట్టుకోండి. పోతూ ఓడ, వస్తూ విమానం అనేది మధ్యేమార్గం.

మన దేశ పౌరులకి పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ లాంటి చోట్లకి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు మాత్రం ఒరిజినల్ వెంట ఉండాలి, ప్రతి జెట్టీ దగ్గరా అడుగుతారు. రెండు మూడు జిరాక్సులు కూడా పెట్టుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ బాధ చాలా తీరింది, ఊళ్లో ఫోన్ పేమెంట్లు బాగానే నడుస్తాయి. ఊరు దాటితే నగదు దగ్గర ఉండాల్సిందే.

భాష గురించి టెన్షన్ అసలు వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతం మంది దాకా తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ వైపు వెళ్తే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. హిందీ అందరికీ వచ్చు. ఆటో బేరం మొదలుపెట్టేముందు ఒకసారి తెలుగులో పలకరించి చూడండి, పని జరిగిపోవచ్చు.

అడుగు 2: గడియారం కాదు, సూర్యుణ్ణి చూసి ప్లాన్ వేయండి

అందరూ దెబ్బతినేది ఇక్కడే. అండమాన్ ఉన్నది దాదాపు బర్మా పక్కన, నడిచేది మాత్రం మన టైమే. దాంతో డిసెంబర్‌లో సాయంత్రం ఐదు గంటలకల్లా పొద్దు గుంకుతుంది. ఏప్రిల్‌లో కూడా ఐదున్నర దాటితే వెలుగు ఉండదు. మన దగ్గర లాగా తొమ్మిదింటికి టిఫిన్ చేసి, పదింటికి బయల్దేరి, మధ్యాహ్నం ఒక కునుకు తీసి, నాలుగింటికి బీచ్‌కి వెళ్దాం అనుకుంటే చీకట్లో కెరటాల శబ్దం వినడమే మిగులుతుంది.

అందుకని రోజుని ముందుకి జరపండి. ఐదున్నరకి లేవడం, ఏడింటికల్లా రోడ్డు మీద ఉండటం, మూడున్నరకి ఆ రోజు చివరి చోటికి చేరిపోవడం. సాయంత్రం ఆరు తర్వాత చేసేవి లైట్ అండ్ సౌండ్ షో, బజారు, భోజనం, అంతే. మొదటి రోజు కష్టంగా ఉంటుంది, రెండో రోజుకి ఒంటికి అలవాటైపోతుంది.

అడుగు 3: సెలవు రోజుల పట్టిక రాసుకోండి

కాగితం తీసుకుని మీరు ఉండే ఐదు రోజులూ వారాలతో సహా రాయండి. ఇప్పుడు వీటిని కొట్టేస్తూ రండి. మ్యూజియాల్లో చాలావాటికి సోమవారం సెలవు, వండూర్‌లోని మెరైన్ పార్క్‌కీ సోమవారమే. రాస్ దీవికి బుధవారం. చాథమ్ రంపపు మిల్లుకి ఆదివారం. సెల్యులార్ జైలు జాతీయ సెలవు దినాల్లో మూసేస్తారు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది. ఈ రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు రాత్రి హోటల్‌వాళ్లని ఒక్క మాట అడిగి ఖాయం చేసుకోండి. ఈ పట్టిక ఉంటే ఏ రోజు ఎటు అన్నది సగం దానంతటదే తేలిపోతుంది. సోమవారం మిగిలిందా, అది కొండకీ బీచ్‌లకీ.

ఇంకోటి, హేవ్‌లాక్ కూడా మీ ప్రయాణంలో ఉంటే దాన్ని మొదట పెట్టుకుని, ఈ దీవి తిరగడం చివరికి ఉంచుకోండి. గాలి బాగాలేకపోతే ఫెర్రీలు రద్దవుతాయి. ఫ్లైట్ రోజు పొద్దున హేవ్‌లాక్ నుంచి వస్తాంలే అనుకుని అక్కడ ఇరుక్కుపోతే టికెట్ డబ్బులు సముద్రంలో పోసినట్టే.

అడుగు 4: సెల్యులార్ జైలు, ఒక పూట మొత్తం

గైడ్‌తో తిరిగే బృందాలు దీన్ని గంటలో ముగిస్తాయి. మీరు మూడు గంటలు పెట్టుకోండి. విరామం తర్వాత మళ్లీ తెరవగానే వెళ్తే ఎండ కాస్త తగ్గుతూ ఉంటుంది, అయ్యాక బయటికొచ్చి టీ తాగి సాయంత్రం షోకి తిరిగి వెళ్లొచ్చు.

1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. నడిమధ్య ఒక బురుజు, దాని నుంచి సైకిల్ చక్రం పుల్లల్లా ఏడు వైపులా ఏడు విభాగాలు, ఒక్కోటీ మూడంతస్తులు, అన్నీ కలిపి 693 గదులు. ఒక విభాగం ముఖం ఎదుటి విభాగం వీపుని చూస్తుంది. అంటే ఏ ఖైదీకీ ఎదురుగా ఇంకో ఖైదీ కనిపించడు, వెనక గోడలే కనిపిస్తాయి. బురుజులో నిలబడ్డ ఒకే ఒక్క కాపలావాడికి మాత్రం అన్ని వరండాలూ కనిపిస్తాయి. ఈ సంగతి చదివితే పెద్దగా అనిపించదు. పై అంతస్తులో ఏదో ఒక గదిలోకి వెళ్లి ఊచల ముందు నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

అక్కడే తలుపు గడియని పరిశీలించండి. గడియ తలుపుకి ఎదురుగా పడదు. పొడవాటి ఇనుప కడ్డీ పక్కకి వెళ్లి గోడలో తొలిచిన చిన్న గూట్లో పడుతుంది, తాళం అక్కడ వేస్తారు. లోపలి నుంచి చెయ్యి ఎంత సాచినా ఆ గూడు అందదు. కావాలంటే మీతో వచ్చినవాళ్లలో బాగా పొడుగు చేతులవాళ్లని లోపల పెట్టి ప్రయత్నించమనండి. గది వెనక గోడకి మనిషి ఎత్తుకి చాలా పైన ఒక చిన్న కిటికీ, అంతే. అందులోంచి వచ్చేది వెలుతురే, సముద్రం కనపడదు, అది పక్కనే ఉన్నా సరే.

తర్వాత చూడాల్సినవి: కొబ్బరినూనె తీయించిన గానుగల దగ్గరి ప్రదర్శన, పీచు కొట్టించిన చోటు, ఒకేసారి ముగ్గురిని ఉరితీసేలా కట్టిన ఉరికంబం, పై అంతస్తు చివర సావర్కర్ ఉన్న గది. ఆయన అన్న గణేశ్ కూడా ఇదే జైల్లో ఉన్నాడు, అయినా చాలాకాలం ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. గదుల అమరిక చూశాక ఆ మాట వింటే ఆశ్చర్యం వేయదు. ఖైదీల పేర్ల ఫలకాల దగ్గర మనవాళ్లు సాధారణంగా ఫొటో తీసుకుని పోతారు, కాసేపు ఆగి చదవండి. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా పాలు పట్టించడంతో మహావీర్ సింగ్, మోహన్ కిషోర్ నామదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. 1937లో మళ్లీ పెద్ద దీక్ష జరిగాక, ఆ మరుసటి ఏడాదికల్లా రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తరలించారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన రంప తిరుగుబాటుదారుల్లో కొందరు శిక్ష అనుభవించింది కూడా ఇక్కడే. మన్యం కొండల్లో పుట్టి పెరిగినవాళ్లు ఆ గదిలో ఎలా బతికారో ఊహించడం కష్టం.

ఇప్పుడు మిగిలినవి మూడు విభాగాలే. 1941 భూకంపంలో కట్టడం బాగా దెబ్బతింది, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో దీవుల్ని ఆక్రమించిన జపాన్ సైన్యం రెండు పడగొట్టింది, స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో రెండు పోయాయి. ఆ స్థలంలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఉంది. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ జైలుని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

సాయంత్రం షోకి సీజన్‌లో టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. ఎక్కువ షోలు హిందీలోనే. దోమల మందు రాసుకుని కూర్చోండి.

అడుగు 5: రాస్ దీవి, మొదటి బోటుకే

అబర్దీన్ జెట్టీ దగ్గర, అంటే వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో, బోట్లు దొరుకుతాయి. దాటడానికి పది పదిహేను నిమిషాలు. ఎక్కువమంది రాస్, నార్త్ బే కలిపి అమ్మే టికెట్ కొంటారు. అందులో చిక్కేంటంటే రాస్‌లో మీకు ఇచ్చే సమయం తక్కువ, మిగతాదంతా నార్త్ బేలో నీటి ఆటల దుకాణాల ముందు గడుస్తుంది. పగడాలు చూడటానికి మీరు ఎలాగూ వండూర్ వెళ్తారు కాబట్టి రాస్ ఒక్కదానికే టికెట్ అడగండి, పొద్దున్నే మొదటి బోటు ఎక్కండి. నార్త్ బే లైట్‌హౌస్ సంగతంటారా, పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అదే, ఆ దృశ్యం కొండ మీద నుంచి బాగా కనిపిస్తుంది, అక్కడికి తర్వాత వెళ్తాం.

1858 నుంచి 1942 వరకు అండమాన్‌లో బ్రిటిష్‌వాళ్ల పాలన నడిచింది ఈ చిన్న దీవి నుంచే. చుట్టూ తిరిగి రావడానికి రెండు గంటలు సరిపోతాయి. ఇంత చిన్నచోట చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, ముద్రణాలయం, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, క్లబ్బు, శ్మశానం అన్నీ పెట్టుకున్నారు. ఎదురు ఒడ్డున జైలు, ఇటువైపు నాట్యాల హాలు.

ఇప్పుడక్కడ గోడలున్నాయి, కప్పులు లేవు. మర్రిజాతి చెట్ల వేళ్లు ఇటుకల్ని పట్టుకుని దిగాయి. ఒకచోట గమనిస్తే కిటికీ కమాను రాలిపోయినా, దాన్ని కరుచుకున్న వేరు మాత్రం అదే ఆకారంలో వంగి నిలబడి ఉంటుంది. జింకలు భయం లేకుండా దగ్గరకొస్తాయి, నెమళ్లు తిరుగుతుంటాయి. వాటికి బిస్కెట్లు పెట్టకండి, పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు, అది వేరే సంగతి. జెట్టీ దగ్గర జపాన్‌వాళ్ల బంకర్, నేవీ చూసుకునే స్మృతిక అనే చిన్న మ్యూజియం ఉన్నాయి. చాలామంది అటువైపు వెళ్లరు గానీ, దీవికి అవతలి పక్క మెట్లు దిగితే లైట్‌హౌస్‌కి వెళ్లే వంతెన వస్తుంది. బయటి సముద్రం అక్కడ చూడాలి. నడవలేని పెద్దవాళ్లు ఉంటే బ్యాటరీ బండ్లు దొరుకుతాయి.

తిరిగొచ్చాక జెట్టీ ఆవరణలోనే అబర్దీన్ యుద్ధ స్మారకం ఉంది, రెండు నిమిషాలు ఆగండి. 1859 మేలో గ్రేట్ అండమానీ తెగవాళ్లు విల్లంబులతో బ్రిటిష్ స్థావరం మీద దాడి చేశారు, ఓడిపోయారు. ఈ దీవుల్లో స్వాతంత్ర్య పోరాటం అనగానే అందరూ జైలు దగ్గరే ఆగిపోతారు, ఇది అంతకుముందు కథ. అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డు రోడ్డు వెంబడే నడిస్తే మెరీనా పార్క్, ఫ్లాగ్ పాయింట్ వస్తాయి. 1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగరేశారు.

ఆ పతాకం ఎగిరిన నెలకి ఏం జరిగిందో కూడా తెలుసుకుని వెళ్లాలి. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ అనే చోట జపాన్ సైన్యం 44 మందిని గూఢచారులన్న అనుమానంతో కాల్చి చంపింది. అంతకు రెండు వారాల ముందే ఇక్కడి వైద్యుడు, పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్ జపాన్‌వాళ్ల చిత్రహింసలతో చనిపోయారు. హంఫ్రీగంజ్‌లో బలిదాన్ వేదీ అని స్మారకం ఉంది, ఊరికి దూరం. ఏ ప్యాకేజీలోనూ ఉండదు, కారు మాట్లాడుకున్న రోజు పొద్దున్నే డ్రైవర్‌తో అనుకుంటే దారి చూసుకుంటాడు.

అడుగు 6: మ్యూజియాలు, ఎండ నెత్తిన ఉన్నప్పుడు

పదకొండు నుంచి రెండు దాకా ఇక్కడ ఎండ, ఉక్క రెండూ తట్టుకోలేం. మ్యూజియాలకి ఆ సమయం కేటాయించండి.

ఆంత్రోపాలజికల్ మ్యూజియం ముందు చూడాలి. ఆంత్రోపాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా నడిపేది, ఫీనిక్స్ బే ప్రాంతంలో ఉంది. హంగులేమీ ఉండవు, గాజు పెట్టెలు, పాత ఫొటోలు, టైపు చేసిన వివరాలు. కానీ గ్రేట్ అండమానీ, ఒంగే, జారవా, సెంటినలీ, నికోబారీ, షోంపెన్ తెగల గురించి ఇంత పద్ధతిగా చెప్పే చోటు ఈ ఊళ్లో ఇంకోటి లేదు. జారవాలు రొమ్ముకి కట్టుకునే చెట్టు బెరడు కవచం, నికోబారీలు దుష్టశక్తుల్ని తరమడానికి ఇంట్లో నిలబెట్టే చెక్క బొమ్మలు, పడవలు, బాణాలు. జారవాల అడవి మీదుగా బారాటాంగ్ గుహలకి (ఆ సంగతి చివర్లో చెప్తాను) వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు మాత్రం ఇది చూశాకే నిర్ణయించుకోండి.

సముద్రిక నేవీ నడిపే మ్యూజియం. వాకిట్లోనే నీలి తిమింగలం అస్థిపంజరం. పిల్లలు ఉంటే ఇదే హిట్. లోపల గవ్వలు, పగడాలు, దీవుల భూగోళం. గంట చాలు. ఫిషరీస్ అక్వేరియం దారిలో పడితే చూడండి, లేకపోయినా పర్లేదు.

అడుగు 7: చాథమ్, అక్కణ్ణుంచి ఫెర్రీ, అక్కణ్ణుంచి కొండ

ఈ మూడూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఒక పొద్దునకి కలిపేయండి. చాథమ్ ఊరికి వంతెనతో కలిసిన చిన్న దీవి. 1883 నాటి రంపపు మిల్లు ఉంది, ప్రభుత్వానిదే, ఇప్పటికీ నడుస్తోంది. లోపలికి వెళ్లగానే పచ్చి చెక్క వాసన కొడుతుంది. పడాక్ అనే ఇక్కడి ఎర్ర కలప దుంగ కోస్తున్నప్పుడు వెళ్తే అదృష్టం, రంపం కింద రాలే పొట్టు ఇటుక రంగులో ఉంటుంది. దుంగ నీళ్లలోంచి పైకి రావడం దగ్గర్నుంచి పలకలయ్యేదాకా వరసగా చూడొచ్చు. 1942లో పడిన బాంబు గొయ్యిని అలాగే ఉంచారు. చిన్న అటవీ మ్యూజియం కూడా ఉంది.

మిల్లు పక్కనే జెట్టీ. బాంబూ ఫ్లాట్‌కి మనుషులూ బండ్లూ అందరూ ఎక్కే ఫెర్రీ అది, టికెట్ నామమాత్రం. ఎలాంటి టూరిస్టు హడావుడీ లేకుండా హార్బర్ మొత్తం చూపించేది ఇదే. స్కూటర్ అద్దెకు తీసుకుంటే దాన్నీ ఫెర్రీలో ఎక్కించేయొచ్చు, రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లడం కంటే చాలా నయం.

అవతలి ఒడ్డు నుంచి మౌంట్ హ్యారియట్ ఎక్కే ఘాట్ రోడ్డు. ఎత్తు 383 మీటర్లు. బ్రిటిష్ పాలకుల వేసవి విడిది ఇక్కడ ఉండేది. ఈ కొండ పాదం దగ్గర హోప్‌టౌన్ జెట్టీలోనే 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోని షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగి, బోటు ఎక్కబోతుండగా జరిగిందది. షేర్ అలీని మార్చిలో వైపర్ దీవిలో ఉరితీశారు. వైపర్ దీవిలో గుట్ట మీద ఉరికంబం కట్టడం ఇంకా ఉంది, హార్బర్ క్రూజ్‌లు అటు నడుస్తున్నాయో లేదో జెట్టీలో కనుక్కోండి. కొండకి కొత్త పేరు రావడానికి కారణం 1891 ఆంగ్లో-మణిపూర్ యుద్ధం, ఓడిన రాజు కులచంద్ర సింగ్‌నీ మరికొందరినీ ఇక్కడికి ప్రవాసం పంపారు.

పైన నేషనల్ పార్క్ గేటు దగ్గర టికెట్ తీసుకోవాలి. పాత నోటు మీద దృశ్యం కనిపించే చోట బోర్డు ఉంటుంది. అడవిలో కాలాపత్థర్ దాకా కాలిబాట ఉంది, ఓపికున్నవాళ్లు వెళ్లొచ్చు. వాన పడి ఉంటే జలగలుంటాయి, ప్యాంటుని సాక్స్‌లోకి దోపుకోండి.

అడుగు 8: వండూర్, జాలీ బాయ్

ఊరి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. దారిలో సిప్పీఘాట్ దగ్గర బండి ఆపించండి. రోడ్డుకి పక్కన చెరువులా కనిపించేది ఒకప్పుడు పొలాలు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది, సముద్రపు నీరు లోపలికొచ్చి అలాగే ఉండిపోయింది. ఎండిన మొండి చెట్లు, వాటి మీద కొంగలు. సునామీ కెరటం వచ్చి పోయింది అనుకుంటాం, ఇక్కడ నీళ్లు తిరిగి పోలేదు.

వండూర్ నుంచి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ మొదలవుతుంది, 1983లో ఏర్పడింది, 15 దీవులు. ఎండాకాలం, చలికాలాల్లో జాలీ బాయ్ దీవికి, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ దీవికి తీసుకెళ్తారు. పగడాలకి కాస్త ఊపిరి దొరకాలని అలా మార్చి మార్చి తెరుస్తారు. పర్మిట్ ముందే తీసుకోవాలి, హోటల్ ద్వారా చేయించుకోవచ్చు. బోటు పొద్దున్నే వెళ్లిపోతుంది, ఆలస్యమైతే అంతే.

ప్లాస్టిక్ విషయంలో ఇక్కడ నిజంగానే కచ్చితంగా ఉంటారు. బ్యాగులు తెరిచి చూస్తారు. స్టీలు సీసా, స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చుకుంటే గొడవే లేదు. దీవి మీద దుకాణాలుండవు. గాజు అడుగున్న పడవలో పగడాలు చూపిస్తారు, ఈత వచ్చినా రాకపోయినా స్నార్కెల్ చేస్తేనే అసలు అందం. పగడాల మీద మాత్రం కాలు పెట్టకండి. అవి రాళ్లు కాదు, ప్రాణమున్నవి, ఒక్క అడుగుకి విరిగినది పెరగడానికి ఏళ్లు పడుతుంది. పైగా అరికాలు కోసుకుంటే మానడానికి కూడా చాలా రోజులు పడుతుంది.

సాయంత్రం వండూర్ బీచ్‌లో కాసేపు కూర్చోవచ్చు. ఈదడానికి వల కట్టిన చోటు తప్ప దిగొద్దు. ఉప్పునీటి మొసళ్ల గురించి పెట్టిన బోర్డులు అలంకారానికి కాదు.

అడుగు 9: చిడియాటాపు, కార్బిన్స్ కోవ్

దక్షిణ కొసన చిడియాటాపు, ఊరికి పాతిక కిలోమీటర్లు. సూర్యాస్తమయానికి ప్రసిద్ధి. మధ్యాహ్నం రెండున్నరకి ఊళ్లో బయల్దేరాలి, ఇంకా ముందైతే మంచిది, ఎందుకంటే అందరూ ఒడ్డునే కూర్చుని ఫొటోలు తీసుకుంటుండగా మీరు ముండా పహాడ్ కాలిబాట పట్టాలి. అడవిలోంచి వెళ్లి కొండ అంచున తేలుతుంది, కింద సముద్రం. వెలుగుండగానే వెనక్కి రావాలి, అక్కడే కూర్చుని సూర్యుడు మునిగేదాకా చూస్తే అడవిలో తడుముకుంటూ దిగాలి. అందుకే కొండ ముందు, సూర్యాస్తమయానికి కింద బీచ్. ఇక్కడ కూడా మొసళ్ల భయం, స్నానం వద్దు. పొద్దుగూకే వేళ ఇసుక ఈగలు కుడతాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

కార్బిన్స్ కోవ్ ఊరికి దగ్గరి బీచ్. బీచ్ సంగతి అటుంచితే అక్కడికి వెళ్లే ఒడ్డు రోడ్డు బాగుంటుంది, జపాన్ కాలం నాటి కాంక్రీటు బంకర్లు దారిలో కనిపిస్తాయి. విమానం దిగిన రోజో, ఎక్కే రోజో రెండు గంటలు మిగిలితే చాలు.

ప్రయాణ సాధనాల మాటకొస్తే, వండూర్‌కీ చిడియాటాపుకీ అబర్దీన్ బజార్ దగ్గరి మోహన్‌పురా బస్టాండ్ నుంచి బస్సులుంటాయి. చవక, కాకపోతే తిరుగు బస్సు టైము దిగగానే అడిగి పెట్టుకోవాలి. ఇద్దరైతే స్కూటర్, నలుగురైతే కారు. ఊళ్లో తిరగడానికి ఆటో, ఎక్కేముందే రేటు ఖాయం చేసుకోండి.

బారాటాంగ్ సంగతి

సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య పడవ, బురద ఉబికే చోటు. చూడటానికి బాగుంటాయి, సందేహం లేదు. కానీ రోడ్డు జారవాల రిజర్వ్ మధ్యలోంచి వెళ్తుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడాలి, అక్కణ్ణుంచి పోలీసు కాపలాతో బండ్లన్నీ కలిసి కాన్వాయ్‌గా పోతాయి. మధ్యలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద జైలు దాకా వెళ్లే నేరాలివి. "జారవాలు కనిపిస్తారు సార్" అని ఆశ పెట్టి టూర్ అమ్మే ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మనుషుల్ని చూడటానికి టికెట్ కొని వెళ్లడం నాకైతే నచ్చదు. అందుకే నా ఐదు రోజుల లెక్కలో దీన్ని పెట్టలేదు. వెళ్లేవాళ్లు గుహల కోసం వెళ్లండి, దారిలో కెమెరా బ్యాగులోనే ఉంచండి.

మరి ఐదు రోజులూ ఎలా పంచుకోవాలి

దిగిన రోజు మధ్యాహ్నం జైలు, రాత్రి షో. రెండో రోజు పొద్దున రాస్, తిరిగొచ్చి ఫ్లాగ్ పాయింట్, ఎండవేళ సముద్రిక. మూడో రోజు వండూర్, జాలీ బాయ్. నాలుగో రోజు చాథమ్, ఫెర్రీ, కొండ, సాయంత్రం బజార్. ఐదో రోజు పొద్దున్నే కార్బిన్స్ కోవ్, తర్వాత ఆంత్రోపాలజికల్ మ్యూజియం, రెండున్నరకి చిడియాటాపు, మర్నాడు విమానం. మీ వారాన్ని బట్టి వీటిని అటూ ఇటూ మార్చుకోండి. నాలుగు రోజులే ఉంటే సముద్రిక, కార్బిన్స్ కోవ్ తీసేసి చిడియాటాపుని కొండ ఎక్కే రోజు మధ్యాహ్నానికి జరపండి, కాస్త పరుగవుతుంది. జైలు, రాస్, వండూర్‌లలో మాత్రం గంట కూడా తగ్గించొద్దు.

కొనుక్కునే విషయం ఒకటి మిగిలింది. ఒడ్డున దొరికిన పగడపు ముక్క, గవ్వ, ఎంత చిన్నదైనా బ్యాగులో వేసుకోకండి. చాలా రకాలు వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుకుంటారు, పిల్లాడు సరదాగా ఏరుకున్నాడండీ అంటే వినరు. కావాలనుకుంటే ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొనండి, గవ్వల వస్తువులు, పడాక్ చెక్క బొమ్మలు దొరుకుతాయి. బిల్లు అడిగి తీసుకుని, దాన్ని పెట్టెలో కాకుండా చేతి బ్యాగులో ఉంచుకోండి.